చిన్న లగ్జరీ కారు దింపి పెద్ద కారు తెచ్చుకోవడం: హైదరాబాద్‌లో ఏ పని ముందు, ఏ పని తర్వాత

"ఏం కారు బిడ్డా, బాయిలకు దిగినట్టే ఉంది." దసరాకి సూర్యాపేట వెళ్దామని బయల్దేరుతుంటే, వెనక సీట్లోకి ఒక్కో కాలూ చేత్తో పట్టి లోపలికి పెట్టుకుంటూ అమ్మ అన్న మాట ఇది. నాది జర్మన్ బ్యాడ్జి ఉన్న చిన్న సెడాన్. ఆరేళ్లు ప్రాణంగా చూసుకున్నాను. స్టీరింగ్ తిప్పితే చాలు, మనసులో అనుకున్న చోటికి వెళ్లేది. కానీ ఆ ఆరేళ్లలో అమ్మ మోకాళ్లు అరిగాయి, ఇద్దరు పిల్లల కాళ్లు పొడుగయ్యాయి. కారు మాత్రం అంతే ఉంది.

మార్చుకోవడానికి నాకు మూడు నెలలు పట్టింది. ముందే తెలిసుంటే నెలన్నరలో అయ్యేది. ఆలస్యమంతా కారు ఎంచుకోవడంలో కాలేదు. పనులు చేయాల్సిన వరసలో చేయకపోవడంలో అయింది. ఏ పని ముందు చేస్తే ఎంత మిగుల్తుందో, ఏది వెనకపడితే ఎంత పోతుందో నాకు తెలిసినంత రాస్తున్నాను.

1. ముందు కిలోమీటరు ఖర్చు తేల్చుకోండి

షోరూమ్‌కి వెళ్లేముందు ఒక కాగితం తీసుకుని, గడిచిన ఏడాది పాత కారు మీద పెట్టింది మొత్తం రాయండి. నా లెక్క ఇది. ఏడాదికి 12,000 కిలోమీటర్లు. సిటీలో లీటరుకి 11 వచ్చేది. పెట్రోలు లీటరు 107 రూపాయల చొప్పున దాదాపు 1,17,000. ఇన్సూరెన్స్ 62,000. సర్వీసు, బ్రేక్ ప్యాడ్లు, రెండు టైర్లు కలిపి 1,10,000. ఇవన్నీ కళ్లకు కనిపించే ఖర్చులు. కనిపించనిది ఇంకోటుంది. అంతకుముందు ఏడాది 16 లక్షలన్న బండికి ఈసారి 13.5 లక్షలే అన్నారు. ఆ రెండున్నర లక్షలూ కలిపితే కిలోమీటరుకి దాదాపు 45 రూపాయలు పడుతోంది.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. డబ్బు మిగులుతుందనే ఒక్క కారణంతో మాత్రం కారు మార్చకండి. కొత్త కారు విలువ మొదటి మూడేళ్లలోనే బాగా పడిపోతుంది. పాత బండికి ఆ దెబ్బ ఇప్పటికే తగిలి ఉంటుంది. కాబట్టి అదే ఇంకో రెండేళ్లు నడపడం చాలాసార్లు చౌక. పెట్టే డబ్బుకి ఎక్కువ చోటు, తక్కువ మరమ్మతులు, ఇంటిల్లిపాదికీ సుఖం దొరికితేనే మార్పుకి అర్థం ఉంటుంది. వారంలో ఐదు రోజులు ఒక్కరే తిరిగి, పండక్కి తప్ప కారు నిండదంటే, ఆ నాలుగు రోజులకి పెద్ద కారు అద్దెకి తీసుకోవడం మేలు.

చిన్న లగ్జరీ కారు అంత ఖరీదు ఎందుకవుతుందో కూడా తెలుసుకోవాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి పెట్రోలు, డీజిలు కార్లకి రెండు జీఎస్‌టీ శ్లాబులున్నాయి. పొడవు 4 మీటర్లలోపు ఉండి, పెట్రోలైతే 1200 సీసీ, డీజిలైతే 1500 సీసీ దాటని వాటికి 18 శాతం. మిగతా వాటికి 40 శాతం. ఎలక్ట్రిక్ కార్లకి 5 శాతమే. మూడు తలుపుల మినీ కూపర్ నాలుగు మీటర్లకంటే పొట్టిదే, కానీ అందులో రెండు లీటర్ల ఇంజన్ ఉంటుంది కాబట్టి 40 శాతం కట్టాల్సిందే. అంటే పన్ను పెద్ద కారుది, చోటు చిన్న కారుది. అంతకుముందు పెద్ద ఎస్‌యూవీల మీద సెస్సుతో కలిపి 50 శాతం దాకా పన్ను ఉండేది, ఇప్పుడది 40కి దిగింది. దీనికి ఇంకో కోణముంది. కొత్త బండ్ల ధర తగ్గినప్పుడు పాత బండ్ల ధరా దిగుతుంది. రెండేళ్ల కిందట మీ స్నేహితుడు అమ్మిన ధర పట్టుకుని కూర్చుంటే మీ కారు అమ్ముడుపోదు.

2. ఇంటివాళ్లని వెనక సీట్లో కూర్చోబెట్టండి

నా మొదటి తప్పు ఇక్కడే. మూడు షోరూములకి ఒక్కణ్నే వెళ్లి, మూడుచోట్లా డ్రైవర్ సీట్లో కూర్చుని వచ్చాను. నాలుగోసారి అమ్మని తీసుకెళ్లాను. నాకు బాగా నచ్చిన ఎత్తయిన ఎస్‌యూవీలోకి ఆమె ఎక్కనే లేకపోయింది. పాత కారు బావైతే, ఇది మేడ. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి సీటు వాళ్ల నడుము ఎత్తులో ఉండాలి, కిందకి కూలబడకుండా, పైకి పాకకుండా. కుర్చీలో కూర్చున్నట్టు వెనక్కి ఆనుకుని, కాళ్లు లోపలికి తిప్పుకోగలగాలి. ఈ విషయంలో ఇన్నోవా లాంటి ఎంపీవీలు (వ్యాన్‌లా ఉండే ఫ్యామిలీ బండ్లు) చాలా ఎస్‌యూవీలకంటే నయం. ఎస్‌యూవీయే కావాలంటే సైడ్ స్టెప్, తలుపు దగ్గర పట్టుకోవడానికి పిడి రెండూ ఉన్నాయేమో చూడండి.

షోరూమ్‌లో చేయాల్సిన పరీక్ష ఇలా. ముందు సీటు మీ ఎత్తుకి సరిచేసుకోండి. సరిగ్గా దాని వెనక సీట్లోనే మీరు కూర్చోండి. మోకాలికీ ముందు సీటుకీ మధ్య పిడికిలి పట్టాలి. తొడలు సీటుని ఆనుకుంటున్నాయా, గాల్లో లేస్తున్నాయా చూడండి. తర్వాత ఇంట్లోవాళ్లు ముగ్గురూ పక్కపక్కన కూర్చుని పది నిమిషాలు అలాగే ఉండాలి. రెండు నిమిషాలకి ఏ కారైనా బాగానే ఉంటుంది, ఇబ్బంది ఏదైనా పదో నిమిషంలోనే తెలుస్తుంది.

డిక్కీ కొలతని బ్రోషర్‌లో చూసి వదిలేయకండి. మీ ఇంట్లో ఊరెళ్లే సూట్‌కేసులు రెండు, ఒక బియ్యం బస్తా అంత సంచి తీసుకెళ్లి పెట్టి చూడండి. సేల్స్ వాళ్లు ఏమీ అనుకోరు. పొడవుని బట్టి చోటు అంచనా వేయలేం. మెర్సిడెస్ ఎ-క్లాస్ లిమోసిన్ పొడవు 4549 మి.మీ., స్కోడా స్లావియాది 4541 మి.మీ. ఇంచుమించు ఒకటే. కానీ స్లావియా డిక్కీ 521 లీటర్లు, మొదటిదానికంటే వంద లీటర్ల పైనే ఎక్కువ. అందుకే "పెద్ద కారు" అనగానే ఏడు సీట్లదే అనుకోనక్కర్లేదు. నలుగురే ఉండి సామాను ఎక్కువైతే మంచి సెడాన్ చాలు. ఏడుగురు ఎక్కాల్సి వస్తే, మూడో వరస లేపి ఉంచినప్పుడు డిక్కీ ఎంత మిగులుతుందో తప్పకుండా చూడండి. ఇన్నోవా హైక్రాస్‌లో మూడో వరస ఉండగా 300 లీటర్లు, మడిస్తే 991 లీటర్లు. చాలా ఏడు సీట్ల కార్లలో మూడో వరస వేస్తే స్కూలు బ్యాగులు తప్ప మరేమీ పట్టవు.

3. పార్కింగ్ టేపుతో కొలవండి

ఇది పది నిమిషాల పని, కానీ వదిలేస్తే రోజూ బాధే. అపార్ట్‌మెంట్లలో కారు స్లాటు సాధారణంగా రెండున్నర మీటర్ల వెడల్పు, ఐదు మీటర్ల పొడవు. మహీంద్రా ఎక్స్‌యూవీ700 వెడల్పు 1890 మి.మీ., టాటా సఫారీది 1922 మి.మీ., అదీ అద్దాలు లెక్కలోకి రాకుండా. అంటే రెండు పక్కలా కలిపి అరవై సెంటీమీటర్లే మిగులుతుంది. తలుపు తెరిచి మనిషి దిగడానికి ఒక్క పక్కనే అంత కావాలి. పక్కన పిల్లర్ ఉంటే ఇక చెప్పనక్కర్లేదు. అమీర్‌పేట, నల్లకుంట, చిక్కడపల్లి వైపు పాత అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లు సెల్లార్ ర్యాంపు మలుపు కూడా చూసుకోవాలి. సేల్స్ మనిషిని అడిగి టెస్ట్ డ్రైవ్ బండిని నేరుగా మీ సెల్లార్‌లోకే తెప్పించండి. నేను కూకట్‌పల్లిలో మా సెల్లార్‌కి తెప్పించినప్పుడు ఒక బండి మలుపులోనే రెండుసార్లు వెనక్కి తీయాల్సొచ్చింది. దాంతో ఆ బండిని లిస్టులోంచి తీసేశాను.

4. టెస్ట్ డ్రైవ్ మీరు తిరిగే దారిలోనే చేయండి

షోరూమ్ చుట్టూ తిప్పి తెచ్చే రెండు కిలోమీటర్లలో ఏమీ తెలియదు. మీ రోజువారీ దారిలో నడపండి. నా దారి ఇదీ: కూకట్‌పల్లి ట్రాఫిక్, దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి, జూబ్లీహిల్స్ ఎక్కుడు, అక్కణ్నుంచి ఔటర్ రింగు రోడ్డు. ఔటర్ మీద గరిష్ఠ వేగం 120. ఆ వేగంలో లేన్ మారినప్పుడు పెద్ద బండి ఒరగడం ఎలా ఉంటుందో, గాలి చప్పుడు ఎంతుంటుందో గమనించండి. చిన్న జర్మన్ కారు నుంచి వచ్చినవాళ్లకి మొదట అన్నీ బరువుగా, మెత్తగా అనిపిస్తాయి. వాటిలో కొన్నింటికి వారంలో అలవాటు పడతాం. సీటు ఆకారం నప్పకపోవడం, ముందు పిల్లర్ మలుపులో చూపుకి అడ్డం రావడం మాత్రం ఎన్నాళ్లయినా అలవాటు కావు. వాటిని ఉపేక్షించకండి.

వెనక ముగ్గురిని కూర్చోబెట్టుకుని కాలనీలో స్పీడ్ బ్రేకర్ ఎక్కించి చూడండి. నా పాత కారు నలుగురెక్కితే ప్రతి వానాకాలం కింద గీసుకునేది. రన్‌ఫ్లాట్ టైర్లున్న (పంక్చరైనా కొంత దూరం నడిచేవి) బండి నుంచి మారుతుంటే, కొత్తదానిలో స్టెప్నీ పూర్తి సైజుదా, చిన్నదా అడగండి. రాత్రిపూట ఊరి రోడ్ల మీద ఆ తేడా తెలుస్తుంది.

ఇక నేను తీసుకున్నది ఇన్నోవా హైక్రాస్ హైబ్రిడ్. పాత ఇన్నోవా క్రిస్టా లారీ పద్ధతిలో ఛాసిస్ మీద కట్టిన బండి, వెనక చక్రాలతో నడుస్తుంది. హైక్రాస్ కారు పద్ధతిలో మోనోకోక్, అంటే విడిగా ఛాసిస్ లేకుండా బాడీతో కలిపే కట్టింది, ముందు చక్రాలతో నడుస్తుంది. అందుకే బండి లోపలి నేల ఎత్తు తక్కువ, అమ్మ ఎక్కడం తేలిక. సిటీలో లీటరుకి 16 దాకా వస్తోంది. అదే 12,000 కిలోమీటర్లకి దాదాపు 80,000 పెట్రోలు, అంటే ఏడాదికి 36,000 తగ్గింది. నేను ఎక్కువ తిరిగేది ట్రాఫిక్‌లోనే కాబట్టి హైబ్రిడ్ కలిసొచ్చింది. నెలకి రెండువేల కిలోమీటర్లు హైవే మీదే తిరిగేవాళ్లు ఈ లెక్క నమ్ముకోకుండా డీజిల్‌తో కూడా పోల్చి చూసుకోవాలి.

ఎంచుకున్న మోడల్‌కి కారుని గుద్దించి చూసే భద్రతా పరీక్షల్లో, భారత్ ఎన్‌క్యాప్‌లోనో, గ్లోబల్ ఎన్‌క్యాప్‌లోనో, ఎన్ని స్టార్లొచ్చాయో చూడండి. పెద్దవాళ్లకీ పిల్లలకీ విడివిడిగా ఇస్తారు, రెండూ చూడాలి.

5. పాత కారు ముందు అమ్మండి, పేరు ముందు మార్పించండి

ఇంతవరకూ చెప్పినవి ఎవరైనా చెప్తారు. జేబుకి చిల్లు పడేది మాత్రం ఈ మెట్టు దగ్గరే.

తెలంగాణలో ఒకరి పేరు మీద ఇప్పటికే కారుంటే, రెండో కారుకి లైఫ్ టాక్స్ (రిజిస్ట్రేషన్ అప్పుడు ఒకేసారి కట్టే రోడ్డు పన్ను) 2 శాతం అదనం. పాతిక లక్షల కారుకి అది యాభై వేలు. పాత కారు తాళాలు ఇచ్చేసినా, డబ్బు అందినా, రికార్డులో మీ పేరు ఉన్నంతవరకూ కొత్తది రెండో కారే. అందుకని కొత్త బండి రిజిస్ట్రేషన్‌కి ముందే పాతది కొన్నవాళ్ల పేరు మీదికి మారిపోవాలి.

"ఆయన పేరు మీద వద్దు, ఆవిడ పేరు మీద తీసుకోండి సార్" అని షోరూమ్‌లో సలహా ఇస్తారు. ఆవిడ పేరున వేరే కారు లేకపోతే ఆ 2 శాతం తప్పుతుంది, నిజమే. కానీ ఇన్నేళ్లూ క్లెయిమ్ లేకుండా కూడబెట్టుకున్న నో క్లెయిమ్ బోనస్, అంటే ఇన్సూరెన్స్ ప్రీమియంలో తగ్గింపు, మీ పేరు మీదుంటుంది. ఆవిడ కొనే కారుకి అది రాదు. ఐదేళ్లు క్లెయిమ్ లేకపోతే ఆ బోనస్ 50 శాతం. అది మన బండి నష్టానికి కట్టే ఓన్ డ్యామేజ్ ప్రీమియం మీదే, ఎదుటివాళ్ల నష్టానికి కట్టే థర్డ్ పార్టీ మీద కాదు. ఓన్ డ్యామేజ్ 30,000 అయితే పదిహేను వేలు పోయినట్టే. పాతది ముందే అమ్మి పేరు మార్పిస్తే రెండూ మిగులుతాయి.

లోన్ ఉంటే నెల ముందే మొదలుపెట్టండి. బాకీ తీర్చాక బ్యాంకు నుంచి ఎన్‌ఓసీ, సంతకం చేసిన ఫారం 35 తీసుకుని ఆర్‌సీలో హైపోథెకేషన్ (బండి మీద బ్యాంకు అప్పుందన్న నమోదు) తీసేయించాలి. నేను లోన్ ఎప్పుడో తీర్చేసి ఈ పని మర్చిపోయాను. ఆ ఒక్క కాగితానికే మూడు వారాలు పట్టింది, మొదట కుదిరిన బేరం పోయింది. అలాగే పెండింగ్ చలాన్లు చూసి కట్టేయండి.

అమ్మడానికి మూడు దారులున్నాయి. షోరూమ్ ఎక్స్‌చేంజ్ సుఖం, ధర తక్కువ. పాత కార్లు కొనే కంపెనీలు ఇంటికొచ్చి చూసి ఆ రోజే ధర చెప్తాయి. నేరుగా మనిషికి అమ్మితే ధర ఎక్కువ, ఓపిక కావాలి. నేను మూడుచోట్లా అడిగి, చివరికి నేరుగానే అమ్మాను. తేడా లక్షకి పైనే. ఎక్స్‌చేంజ్‌కి ఇచ్చేవాళ్లు ఒక జాగ్రత్త పాటించాలి. పాత కారు సంగతి ఎత్తకుండా ముందు కొత్త కారుకి చివరి ధర రాయించుకోండి. తర్వాతే పాతది చూపించండి. రెండూ కలిపి మాట్లాడితే ఒకచోట ఇచ్చింది ఇంకోచోట తీసుకుంటారు.

చిన్న లగ్జరీ కారు కొనడానికి వచ్చేవాళ్లు తక్కువ, వచ్చినవాళ్లు మాత్రం బాగా తెలిసినవాళ్లు. మొదటి నుంచీ సర్వీసు బిల్లులన్నీ వరసగా ఒక ఫైల్లో పెట్టండి. రెండో తాళం వెతికి ఉంచండి. టైరు మీద నాలుగంకెలుంటాయి, మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. 2321 అంటే 2021లో 23వ వారం. మీరు చెప్పకపోయినా వాళ్లు చూస్తారు. గీతలకి పెయింటు వేయించడం దండగ, కొత్త పెయింటు చూస్తే యాక్సిడెంట్ అనుకుంటారు. లోపల శుభ్రం చేయించి, ఉన్న లోపాలు మీరే చెప్పేస్తే బేరం త్వరగా తెగుతుంది.

విజయవాడ, గుంటూరు నుంచి కూడా ఫోన్లొస్తాయి. అటు అమ్మితే ఆర్టీఏ నుంచి ఎన్‌ఓసీకి ఫారం 28 పెట్టాలి. కొన్నవాళ్లు ఆంధ్రలో మళ్లీ లైఫ్ టాక్స్ కట్టుకోవాలి, అంతమేర మీ ధర తగ్గించి అడుగుతారు. ఇక్కడే అమ్మితే పేరు మార్పుకి ఫారం 29, ఫారం 30 సరిపోతాయి. రాష్ట్రంలోనే అమ్మిన సంగతి 14 రోజుల్లోగా ఆర్టీఏకి తెలపడం అమ్మినవాళ్ల బాధ్యత. "సంతకాలు పెట్టివ్వండన్నా, పేరు మేం మార్చుకుంటాం" అనే బ్రోకర్లకి ఖాళీ ఫారాలు ఇవ్వకండి. రికార్డులో ఎవరి పేరుంటే వాళ్లే ఓనరు, ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత వాళ్లదే అని 2018లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. కారు ఎన్ని చేతులు మారినా అంతే. మిగిలిన పదివేలో పాతికవేలో పేరు మారాకే తీసుకుంటానని బేరంలోనే చెప్పండి, లేదా ఆర్టీఏకి మీరూ వెళ్లండి. బండి ఇచ్చిన తేదీ, సమయం, కిలోమీటర్లు రాసి సంతకాలు తీసుకోండి.

బండి ఇచ్చే రోజు ఫాస్టాగ్ మూయించండి. ఒక బండికి ఒకే ట్యాగు, అది కొత్తదానికి పనికిరాదు. కారులో దాచిన ఇంటి అడ్రసు, ఫోన్ నంబర్లు చెరిపేసి, కంపెనీ యాప్‌లోంచి బండిని తీసేయండి. పేరు మారాక ఇన్సూరెన్స్ కంపెనీకి రాసి నో క్లెయిమ్ బోనస్ లెటర్ తీసుకోండి. అది మూడేళ్లు చెల్లుతుంది.

ఈ మధ్యలో రెండు మూడు వారాలు ఇంట్లో కారుండదు. కేపీహెచ్‌బీ నుంచి అమీర్‌పేటలో మారి రాయదుర్గం దాకా మెట్రోలో తిరిగాను. యాభై వేల కోసం ఆ పాటి తిరగొచ్చు.

6. కొటేషన్ వరస వరసా చదవండి

ఆన్‌రోడ్ ధర ఒక్క అంకెలో చెప్తే ఒప్పుకోకండి, విడదీసి రాయమనండి. ఎక్స్‌షోరూమ్, లైఫ్ టాక్స్, ఇన్సూరెన్స్, ఫాస్టాగ్ ఉండాల్సినవి. హ్యాండ్లింగ్ ఛార్జీలంటే తీసేయమని గట్టిగా అడగండి. పది లక్షలు దాటిన కారుకి 1 శాతం టీసీఎస్ (అమ్మేవాళ్లు ముందే వసూలు చేసే ఇన్‌కమ్ టాక్స్) తీసుకుంటారు. అది పోయే డబ్బు కాదు, ఇన్‌కమ్ టాక్స్ రిటర్నులో చూపించుకోవచ్చు. ఇన్సూరెన్స్ షోరూమ్‌లోనే తీసుకోవాలన్న నిబంధన లేదు. బయట కొటేషన్ తెచ్చి చూపిస్తే వాళ్లే తగ్గిస్తారు. కొత్త కారుకి థర్డ్ పార్టీ మూడేళ్లకి ఒకేసారి కట్టాలి, 1500 సీసీ దాటితే అది 24,596 రూపాయలు. బోనస్ లెటర్ ఇక్కడే వాడాలి.

లోన్ మీద ఒక్క లెక్క చెప్తాను. పది లక్షలకి 9 శాతం వడ్డీతో ఐదేళ్లయితే నెలకి 20,758, మొత్తం వడ్డీ 2.45 లక్షలు. ఏడేళ్లయితే నెలకి 16,089, వడ్డీ 3.51 లక్షలు. నెలకి నాలుగున్నర వేలు తగ్గుతున్నాయని సంతోషపడితే లక్ష ఎక్కువ కడతాం.

ఆషాఢంలో హైదరాబాద్‌లో బండ్లు కొనేవాళ్లు తగ్గుతారు, అప్పుడు ఆఫర్లు బాగుంటాయి. బేరం ఆషాఢంలో కుదుర్చుకుని డెలివరీ శ్రావణంలో తీసుకుంటే పెద్దవాళ్ల మాటా నిలుస్తుంది, డబ్బూ మిగులుతుంది. డిసెంబరులో కూడా తగ్గిస్తారు, కానీ రేపు అమ్మేటప్పుడు ఆ బండి ఒక ఏడాది పాతదిగా లెక్కకొస్తుంది. ఆరేడేళ్లు వాడేవాళ్లకి ఫర్వాలేదు. మూడేళ్లకే మార్చేవాళ్లు జనవరి దాకా ఆగాలి.

రెండు మూడేళ్లు వాడిన పెద్ద కారు కూడా మంచి దారే. తెలంగాణ రిజిస్ట్రేషన్ ఉన్నదైతే లైఫ్ టాక్స్ మొదటి ఓనరే కట్టేసి ఉంటారు. బడ్జెట్ బిగువుగా ఉన్నవాళ్లు కొత్తదాన్ని చిన్న వేరియంట్‌లో తీసుకునేకంటే ఇది చూడటం మంచిదని నా ఉద్దేశం.

7. రిజిస్ట్రేషన్‌కి ముందే బండి చూడండి

పూర్తి డబ్బు కట్టకముందే, స్టాక్‌యార్డులో పగటి వెలుతురులో చూడాలి. ఛాసిస్ నంబరు ఇన్‌వాయిస్‌తో సరిపోవాలి. ఏ నెల, ఏ సంవత్సరం తయారైందో ఫారం 21లో రాస్తారు, అది చూపించమనండి. ఐదు టైర్ల తేదీలు, తలుపుల మధ్య సందులు, రంగులో తేడాలు, మీటరు రీడింగు, ఏసీ, అన్ని అద్దాలు చూడండి. నా బండికి వెనక తలుపు రబ్బరు ఊడి ఉంది, అక్కడే మార్పించాను. రిజిస్ట్రేషన్ అయ్యాకైతే అదే పనికి నాలుగుసార్లు తిరగాలి.

ఆర్‌సీ చేతికి రాగానే పేరు స్పెల్లింగు, ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు సరిచూసుకోండి. బోనస్ మేరకు ప్రీమియం తగ్గించారో లేదో పాలసీలో చూడండి. సెల్లార్ పిల్లర్‌కి నడుమెత్తున ఫోమ్ షీటు అంటించండి, మొదటి నెల అవసరమవుతుంది. పూజ చేయించాక మేం నేరుగా ఊరికే బయల్దేరాం. పంతంగి టోల్ దాటాక వెనక్కి చూస్తే అమ్మ కాళ్లు చాపుకుని నిద్రపోతోంది. కొర్లపహాడ్ టోల్ వచ్చేదాకా లేవలేదు.